ఏలాపురం సోల

అనగనగనగా, మేఘాలు దిగివచ్చి ఇంటి చూరుల మీద విశ్రమించే ఎత్తైన కొండల మధ్య, తామ్రగిరి అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో అన్నీ తూచే ఇచ్చేవారు. బియ్యం తూచేవారు. పాలు తూచేవారు. నూనె తూచేవారు. ఆఖరికి మాలకట్టే మల్లెపూలు కూడా తక్కెడలో పడవలసిందే. సోల, తవ్వ, మానిక అనే కొలపాత్రల పేర్లు అక్కడి పిల్లలకు తెలియవు.

దానికి కారణం ఉంది. పూర్వం ఆ దేశపు వర్తకులు దొంగ అడుగులున్న పాత్రలతో కొలిచి జనాన్ని మోసం చేసేవారు. అప్పటి రాజుకు కోపం వచ్చింది. దేశంలోని కొలపాత్రలన్నీ తెప్పించి కోట ముందు పగలగొట్టించాడు. ఇకమీదట ఎవరైనా గిన్నెతో కొలిస్తే పొలిమేర దాటించమని శాసనం వేయించాడు. ఆ రాజు పోయాడు, అతని కొడుకు పోయాడు. మనుమడు వీరకేతుడు రాజయ్యాడు. శాసనం మాత్రం అలాగే ఉంది.

వీరకేతుడి తల్లి పేరు కుముదవల్లి. ఆమె ఆ కొండదేశపు పిల్ల కాదు. దూరాన సముద్రపు ఒడ్డున ఏలాపురం అని చిన్న రాజ్యం ఉండేది. అక్కడ పుట్టింది. పదహారో ఏట పల్లకి ఎక్కి, ఇరవై రోజులు ప్రయాణం చేసి, తామ్రగిరికి కోడలుగా వచ్చింది.

వచ్చిన కొత్తలో ఆమె నోరు విప్పితే దాసీలు ముఖాలు తిప్పుకుని నవ్వేవారు. ఆమెది సముద్రపు యాస. మాట చివర సాగదీసేది. ఆమె ఆ యాసను కొంచెం కొంచెంగా మానుకుంది. తరువాత మాటలే తగ్గించుకుంది.

మూడో ఏడు ఒక వార్త వచ్చింది. ఏలాపురం మీద ఉప్పెన పడింది. ఊరు లేదు. తల్లి లేదు, తండ్రి లేడు, చెల్లెలు లేదు. వీధి లేదు, ఆ వీధి పేరు చెప్పే మనిషీ లేడు.

కుముదవల్లి ఏడ్చింది. ఏడ్చాక లేచి ముఖం కడుక్కుని రాణిలా నడుచుకుంది. కొడుకును కన్నది, పెంచింది. భర్తను సాగనంపింది. రాజమాత అయింది. నలభై రెండేళ్లు గడిచాయి. ఆమె గదిలో తూర్పువైపు ఒక కిటికీ ఉంది. పొద్దున్నే అక్కడ కూర్చునేది. అటు సముద్రం కనపడదు. కొండలే కనపడతాయి. అయినా అటే చూసేది.

అదే కోటలో, వంటశాల వెనుక, గింజల కొట్టు ఉండేది. ఆవాలు, నువ్వులు, ధనియాలు, మెంతులు, గసగసాలు, ఇంకా పేరు తెలియని ఎన్నో గింజలు అక్కడ బస్తాల్లోనూ, వెదురు గొట్టాల్లోనూ ఉండేవి. వాటిని చెరిగి, ఏరి, తూచి ఇచ్చే మనిషి గవరమ్మ.

గవరమ్మ చిన్నవయసులో ఉండగానే భర్త పోయాడు. పిల్లలు లేరు. ఇరవై ఏళ్ల కిందట ఆ కొట్టులో పనికి కుదిరింది. కొట్టు గోడకు చెయ్యి పట్టేంత కంత ఒకటి ఉంది. వంటవాళ్లు అవతలినుంచి "ఆవాలు రెండు పలాలు" అంటారు. గవరమ్మ తూచి పొట్లం కట్టి కంతలోంచి చెయ్యి చాపుతుంది. వాళ్లు అందుకుని వెళ్లిపోతారు. ఆమె చెయ్యిని చూసినవాళ్లు ఉన్నారు గాని, ముఖం చూసినవాళ్లు ఆ కోటలో చాలా తక్కువ.

అలా ఉండగా ఒక వానాకాలంలో రాజమాతకు జ్వరం వచ్చింది. వైద్యుడు కషాయాలిచ్చాడు. జ్వరం తగ్గింది. కానీ ఆకలి తిరిగి రాలేదు. పాలు పట్టుకువెళితే వద్దంది. జావ వద్దంది. పళ్లు వద్దంది.

నాలుగో రోజున వైద్యుడు రాజును పక్కకు పిలిచాడు.

"ప్రభూ, అమ్మగారి ఒంట్లో రోగం లేదు. కానీ ముద్ద దిగడం లేదు. ఇలాగే ఇంకో వారం గడిస్తే నా మందులు పనిచేయవు."

వీరకేతుడు తల్లి మంచం పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఏం తినాలని ఉంది? ఏదైనా చెప్పు. ఏ దేశం నుంచైనా తెప్పిస్తాను."

కుముదవల్లి తూర్పు కిటికీ వైపు చూసింది. తరువాత అంది, "మా అమ్మ గింజల పొడి కొట్టేది, నాయనా. వేడి అన్నంలో నువ్వులనూనె పోసి, ఆ పొడి కలిపి పెట్టేది. అది ఉంటే రెండు ముద్దలు తింటానేమో."

"ఎలా చేస్తారమ్మా?"

"సోలెడు ధనియాలు. సోలెడు నువ్వులు. గిద్దెడు ఆవాలు. అర గిద్దెడు మెంతులు. మూడు వందల మిరియాలు. ఉప్పు తగినంత. ఒక్కొక్కటీ విడిగా వేయించి, కలిపి దంచాలి. నాలుగు గిద్దలు ఒక సోల. మిరియాలు మాత్రం లెక్కపెట్టి వేయాలి. అవి మాకు దూరపు ఓడల్లో వచ్చేవి. నేనూ మా చెల్లీ కూర్చుని లెక్కపెట్టేవాళ్లం. లెక్క తప్పితే మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం."

రాజు ఆ మాటలు తాటాకు మీద రాయించి వంటశాలకు పంపాడు.

వంటశాల పెద్ద పేరు విస్సన్న. అతను తాటాకు చదివి తల గోక్కున్నాడు. సోల అంటే ఎంతో అతనికి తెలియదు. కాసేపు ఆలోచిస్తే ఒక సంగతి గుర్తుకు వచ్చింది.

"మా తాత చెప్పేవాడు. సోలెడు బియ్యం ఆరు పలాలు తూగేవట. ఇంకేం, సోల అంటే ఆరు పలాలు" అన్నాడు.

గింజల కొట్టు కంత దగ్గరికి వచ్చి కేకేశాడు. "సోలెడు బియ్యం ఆరు పలాలట, ఆ లెక్కనే సోలెడు ధనియాలు ఆరు పలాలు. నువ్వులు ఆరు పలాలు. ఆవాలు పలమున్నర. మెంతులు ముప్పావు పలం. మిరియాలు మూడు వందలు, లెక్కపెట్టి. రాజమాతకు. తొందరగా కానీ."

లోపల గవరమ్మ తక్కెడ పట్టుకుంది. ఒక పళ్లెంలో ఆరు పలాల రాయి పెట్టింది. రెండో పళ్లెంలో ధనియాలు పోసింది. పోసింది. ఇంకా పోసింది. ధనియాలు పళ్లెం మీద గుట్టగా లేచి అంచుల నుంచి జారుతున్నాయి గాని పళ్లెం దిగడం లేదు. ధనియాల గింజ బోలు. లోపల గాలి. ఇది ఆమె చేతులకు ఎప్పటినుంచో తెలుసు. సోలెడు బియ్యంతో సమానంగా తూగేన్ని ధనియాలు కావాలంటే సోలలు రెండు దాటుతాయి.

'ఇది తప్పు లెక్క. చెప్పాలి' అనుకుంది. కంత వైపు వంగింది.

కానీ ఇరవై ఏళ్లలో ఆ కంతలోంచి ఆమె ఒక్క సలహా కూడా చెప్పలేదు. ఎవరూ అడగలేదు. అడగని మాట చెబితే ఏమంటారో అనిపించింది. కంత దగ్గరినుంచి వెనక్కి జరిగింది. పొట్లాలు కట్టి చెయ్యి చాపింది. విస్సన్న అందుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం వెండి పళ్లెంలో వేడి అన్నం, నూనె, పొడి వెళ్లాయి. కుముదవల్లి మునివేళ్లతో ఒక ముద్ద కలిపి నోట పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. పళ్లెం పక్కకు జరిపింది.

"ఇది ధనియాల పొట్టు. మా అమ్మ పొడి కాదు."

రాజు ఆస్థాన గణితవేత్త అచ్యుతభట్టును పిలిపించాడు. ఆయన గ్రహాల నడకలు లెక్కకట్టే మనిషి. తాటాకు చదవగానే విస్సన్న చేసిన పొరపాటు ఆయనకు తెలిసిపోయింది.

"ప్రభూ, సోల అనేది చోటును కొలుస్తుంది. పలం బరువును కొలుస్తుంది. ఒకే చోటులో పట్టిన గింజలు ఒకే బరువు ఉండవు. బియ్యం తూకం ధనియాలకు పనికిరాదు. ఒక సోల పాత్ర నాకు దొరికితే, ఒక్కొక్క గింజా నింపి, తూచి, సరైన తూకాలు చెబుతాను."

"మన దేశంలో సోల లేదు కదా."

"పొరుగుదేశపు రాయబారి దగ్గర ఇత్తడి సోల ఉంది. తమరు అనుమతిస్తే ఒక్క పూట తెప్పిస్తాను."

రాజు అనుమతించాడు. భట్టు ఇత్తడి సోలతో గింజలన్నీ కొలిచి, తూచి, 'రాయబారి ఇత్తడి సోల లెక్క' అని పైన రాసి, తూకాల జాబితా కంతలోకి పంపాడు. పలానికి మూడు తులాల లెక్కన, ధనియాలు నాలుగు పలాలకు తులం తక్కువ. నువ్వులు ఏడు పలాలకు తులం తక్కువ. ఆవాలు రెండు పలాలు. మెంతులు పలం. మిరియాలు మూడు వందలు.

గవరమ్మ ఆ జాబితా చూసి తేలికగా ఊపిరి పీల్చుకుంది. ఈసారి గింజ గింజకూ దాని తూకం దానికే ఉంది. ఎవరో తెలిసినవాళ్లు రాశారు అనుకుంది. ఇక తాను చెప్పవలసిందేమీ లేదనుకుంది.

మర్నాడు మళ్లీ పళ్లెం వెళ్లింది. కుముదవల్లి మూత తీయగానే వాసన పీల్చి కళ్లు మూసుకుంది. దాసీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె ముద్ద పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద కలపబోయి ఆగిపోయింది.

"వాసన మా ఇంటిదే. కానీ మిరియం ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది. ఇది కాదు, నాయనా."

భట్టు చిన్నబుచ్చుకున్నాడు. "ప్రభూ, గింజల పాళ్లలో తేడా లేదు. మిరియాలు నేనే స్వయంగా లెక్కపెట్టాను. సరిగ్గా మూడు వందలు."

"మరి అమ్మ ఎందుకలా అంటోంది?"

భట్టు గొంతు తగ్గించాడు. "అమ్మగారికి వయసు మీద పడింది. పైగా జ్వరం పడి లేచారు. నాలుక రుచి మరిచిపోయి ఉంటుంది. నలభై ఏళ్ల నాటి రుచి ఎవరికి గుర్తుంటుంది, ప్రభూ?"

రాజుకు అది నిజమే అనిపించింది. భట్టు గొంతు తగ్గించినా ఆ మాట కుముదవల్లి చెవిన పడింది. ఆమె దుప్పటి మీదికి లాక్కుంది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం మంచినీళ్లు కూడా తాగలేదు.

మిగిలిన పొడిని వంటశాలకు తిప్పి పంపారు. దానిని తెచ్చిన దాసి చిలకమ్మ, దోవలో గింజల కొట్టు కంత దగ్గర ఆగింది.

"ఇందమ్మా, ఇందులో పొడి ఉంది. పారేయడానికి మనసు రాలేదు. ఏలాపురంలో వాళ్లమ్మ కొట్టిన పొడి కాదట, మిరియం కనపడలేదంటూ పెద్దావిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమెకు రుచి తెలియడం మానేసిందట. అందరూ అదే అంటున్నారు" అని ఒక ఆకుదొన్నె లోపలికి అందించింది.

గవరమ్మ పొడి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. గింజలు చక్కగా కలిశాయి. ఏదీ ఎక్కువ లేదు. కానీ మిరియం ఎక్కడో దూరాన ఉంది. రాజమాత అన్నది అక్షరాలా నిజం.

గవరమ్మ దొన్నె ముందు పెట్టుకుని ఆలోచించింది. గింజలు సోలతో కొలిచారు. మిరియాలు లెక్కపెట్టారు. సోల పెద్దదైతే గింజలు పెరుగుతాయి. మూడు వందలు మాత్రం మూడు వందలే. అంటే ఆ ఇత్తడి సోల ఏలాపురం సోల కంటే పెద్దది.

ఇంత చిన్న సంగతి. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పైగా ఆ తల్లి నాలుకదే తప్పన్నారు.

గవరమ్మకు ఆ రాత్రంతా మనసు మనసులో లేదు. మొదటి రోజు తాను మింగేసిన మాట గుర్తుకువచ్చింది. తనను ఎవరూ అడగరని తాను చెప్పలేదు. తనను ఎవరూ అడగరని ఆ తల్లి గోడ వైపు తిరిగింది.

తెల్లవారగానే గవరమ్మ కొట్టు తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ముందు విస్సన్న దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, పొడి సంగతి ఒకటి చెప్పాలి."

"ఎవరు నువ్వు?" అన్నాడు విస్సన్న.

"గింజల కొట్టులో మనిషిని."

"అయితే కొట్టుకు పో. భట్టుగారికే తెలియనిది నీకు తెలిసిందా?" అని పొయ్యి వైపు తిరిగాడు.

ఆమె కొట్టుకు వెనక్కి వెళ్లింది. వెదురు గొట్టాలు మూడు ఖాళీ చేసింది. ఒక కత్తి తీసుకుంది. మూటగట్టి చంకన పెట్టుకుని రాజమాత గదివైపు నడిచింది. కొలపాత్రల శాసనం ఆమెకు తెలుసు. గొట్టంతో కొలిస్తే పొలిమేర దాటిస్తారు. ఆమెకు ఆ కోట బయట ఎవరూ లేరు. అయినా నడిచింది.

గుమ్మంలో చిలకమ్మ ఉంది. మొదట గుర్తుపట్టలేదు. తరువాత ఆ చేతిని చూసి గుర్తుపట్టింది. తెర తీసి పక్కకు జరిగింది.

కుముదవల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గవరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"తల్లీ, నా పేరు గవరమ్మ. గింజలు తూచి ఇచ్చేదాన్ని. నిన్నటి పొడి నేనూ రుచి చూశాను. మిరియం చాలలేదు. మీరన్నది నిజం."

మంచం మీద కదలిక వచ్చింది. ఇటు తిరగలేదు.

"మీ ఊరి సోల ఎంత ఉండేది, తల్లీ?"

కుముదవల్లి మెల్లగా ఇటు తిరిగింది. గవరమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నేను ఈ కొండెక్కి నలభై రెండేళ్లయింది. మా ఊరి సోల ఎంత అని అడిగిన మనిషివి నువ్వే" అంది.

"చెప్పగలరా, తల్లీ?"

"మాటలతో ఎలా చెప్పను? చెయ్యి చెబుతుంది." ఆమె కుడిచెయ్యి పైకెత్తి గాలిలో దేనినో పట్టుకున్నట్టు వేళ్లు వంచింది. "వెదురు సోల. ఇలా పడితే బొటనవేలికీ నడిమివేలికీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండేది. ఆ సోలతో రోజూ బియ్యం పోసింది నేనే."

గవరమ్మ మూట విప్పింది. మొదటి గొట్టం ఆమె చేతిలో పెట్టింది. కుముదవల్లి కళ్లు మూసుకుని పట్టుకుంది. "లావు" అంది. రెండోది పెట్టింది. "సన్నం. ఇది నూనె గొట్టంలా ఉంది." మూడోది పెట్టింది. కుముదవల్లి దాన్ని వేళ్లతో చుట్టి పట్టుకుంది. దాన్ని వదల్లేదు. బొటనవేలితో అంచును నిమిరింది.

"లావు ఇదే. కానీ పొడుగెక్కువ. నడిమివేలు దించితే అడుగు తగలాలి."

గవరమ్మ కత్తితో గొట్టాన్ని కొంచెం కోసింది. అంచు నున్నగా గీకి ఇచ్చింది. కుముదవల్లి వేలు దించింది. తగల్లేదు. ఇంకొంచెం కోసింది. తగల్లేదు. మూడోసారి కోసి ఇచ్చాక, వేలు అడుగున ఆనింది. ఆమె ఆ వేలిని అలాగే ఉంచేసుకుంది.

"తల్లీ, ఇంకొకటి. అంచు దాకా పోసేవారా, పైన కుప్పగా పోసేవారా?"

"కుప్ప పోసి అరచేత్తో రాసేవాళ్లం. అంచుకు సమంగా. మా అమ్మ ఆ రాయడం చూసి, 'అమ్మాయీ, గట్టిగా అదమకు, గింజకు ఊపిరాడనీ' అనేది."

"నువ్వులు పొట్టుతోనా, పొట్టు తీసినవా?"

"పొట్టుతోనే. నల్ల నువ్వులు." కుముదవల్లి గొంతు మారింది. "నువ్వు ఇవన్నీ అడుగుతుంటే మా వంటింటి గుమ్మం కనపడుతోంది, గవరమ్మా."

సరిగ్గా అప్పుడు వీరకేతుడు తల్లిని చూడటానికి వచ్చాడు. తల్లి చేతిలో వెదురు గొట్టం చూశాడు. నేల మీద కత్తి, వెదురు తుక్కు చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని చూశాడు.

"ఎవరు నువ్వు? ఇదేమిటి?"

గవరమ్మ లేచి దండం పెట్టింది. "గింజల కొట్టులో ఉంటాను, ప్రభూ. ఇరవై ఏళ్లయింది. ఇది సోల. నేనే చేశాను."

"శాసనం తెలుసా?"

"తెలుసు ప్రభూ. ఏ శిక్ష వేసినా పడతాను. ముందు రెండు మాటలు వినండి. మొదటి రోజు ధనియాలు ఎక్కువవుతున్నాయని నాకు తెలుసు. చెప్పకుండా ఊరుకున్నాను. అది నా తప్పు. రెండో రోజు కొలిచింది వేరే ఊరి సోలతో. అది తెలియక అమ్మగారి నాలుకను తప్పుపట్టారు. అది ఎవరి తప్పో మీరే చెప్పాలి."

రాజు తల్లి చేతిలోని గొట్టం వైపు మళ్లీ చూశాడు. "నిరూపించు" అన్నాడు చివరికి.

తక్కెడ వచ్చింది. గింజలు వచ్చాయి. భట్టు, విస్సన్న కూడా వచ్చి నిలబడ్డారు. గవరమ్మ గొట్టంలో ధనియాలు పోసి, అరచేత్తో రాసి, తూచింది. రెండున్నర పలాలు. అదే గొట్టంలో నల్ల నువ్వులు పోసి తూచింది. నాలుగున్నర పలాలు. అదే గొట్టం నిండా ఆవాలు. అయిదున్నర పలాలు.

"గొట్టం ఒకటే ప్రభూ. ఒక్కొక్క గింజా తన బరువు తాను తెచ్చుకుంది. ఇంతవరకు భట్టుగారు చెప్పింది నిజమే. ఇక ఆయన తూకాలు చూడండి. ధనియాలు నాలుగు పలాలకు దగ్గర. నాకు వచ్చింది రెండున్నర. ఆ ఇత్తడి సోల ఏలాపురం సోలకు ఒకటిన్నర రెట్లు ఉంది. గింజలు ఒకటిన్నర రెట్లయ్యాయి, మిరియాలు మూడు వందలే ఉండిపోయాయి. అందుకే అమ్మగారికి మిరియం దొరకలేదు."

భట్టు తాటాకు తీసి లెక్క చూసుకున్నాడు. ఒకసారి చూశాడు, రెండోసారి చూశాడు. తరువాత తాటాకు మడిచి రాజమాత వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అమ్మా, లెక్క తప్పింది నాది. మీ నాలుక కాదు" అన్నాడు.

ఆ పొడిని గవరమ్మే వేయించింది. ధనియాలు రెండున్నర పలాలు, కమ్మని వాసన వచ్చేదాకా. నువ్వులు నాలుగున్నర పలాలు, చిటపటలాడేదాకా. ఆవాలు నాలుగు తులాలు. మెంతులు రెండు తులాలు, ఎర్రబడేదాకా. మిరియాలు మూడు వందలు. వాటిని రాజమాతే మంచం మీద కూర్చుని లెక్కపెట్టింది. నూట నలభై దగ్గర లెక్క తప్పింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.

రోట్లో దంచిన పొడి వేడి అన్నంలో పడింది. మీద నూనె పోశారు. కుముదవల్లి ముద్ద కలిపింది. నోట పెట్టుకుంది. నమిలింది.

గదిలో ఎవరూ కదల్లేదు.

ఆమె రెండో ముద్ద కలిపింది. మూడోది కలిపింది. నాలుగోది కలుపుతుండగా కన్నీళ్లు పళ్లెంలో పడ్డాయి. ఆపుకోలేదు, తుడుచుకోలేదు. తింటూనే ఏదో అంది. మాట చివర సాగదీస్తూ, అలలా ఊగిన మాట. ఆ యాస వీరకేతుడు పుట్టినప్పటినుంచి ఒక్కసారి కూడా వినలేదు.

"అమ్మా, ఏమన్నావు?" అని అడిగాడు.

"మా ఊరి మాట, నాయనా. కడుపు నిండిందని."

రాజు తల వంచుకున్నాడు. "ఇన్నేళ్లలో నీ ఊరి గురించి నేను ఒక్కటీ అడగలేదమ్మా" అన్నాడు.

"నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు" అంది కుముదవల్లి, పళ్లెం చూస్తూ.

మర్నాడు సభలో రాజు శాసనం మార్చాడు. "మా తాత మోసాన్ని ఆపడానికి పాత్రలు పగలగొట్టించాడు. ఇకమీద మోసానికే శిక్ష, పాత్రకు కాదు" అన్నాడు. గవరమ్మకు ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆమె ఆలోచించి, రోజూ మధ్యాహ్నం ఒక గంట రాజమాత దగ్గర కూర్చోవడానికి సెలవు అడిగింది. ఇంకేమీ అడగలేదు.

ఏ గింజ సోలెడైతే ఎన్ని పలాలో గవరమ్మ చెబుతుంటే భట్టు తాటాకు మీద రాశాడు. దానిని వంటశాల గోడకు వేలాడదీశారు. విస్సన్న దానిని చూడకుండా పొయ్యి వెలిగించేవాడు కాదు.

కుముదవల్లి లేచి తిరిగింది. రెండు వానాకాలాలు బతికింది. ఆ రెండేళ్లూ మధ్యాహ్నం పూట ఆమె చెప్పేది, గవరమ్మ వినేది. గవ్వల వీధి ఎక్కడ మొదలయ్యేదో, ఉప్పుమళ్ల వీధిలో ఎవరి ఇంటి అరుగు చల్లగా ఉండేదో, వలలల్లే సందులో పిల్లలు ఏ ఆట ఆడేవారో అన్నీ చెప్పింది. తన చెల్లెలి పేరు చెప్పింది. నలభై రెండేళ్ల తరువాత ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి అంది.

మూడో వానాకాలం రాకముందే రాజమాత కన్నుమూసింది.

గవరమ్మ కొట్టుకు వెళ్లి చేట అందుకుంది. మధ్యాహ్నం ఆ గంట వచ్చేసరికి ఆమె చేతులు వాటంతటవే ఆగిపోయేవి. కాసేపు ఊరికే కూర్చునేది.

ఒక మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. వీరకేతుడు ఒక్కడే వచ్చాడు. కిరీటం లేదు, వెంట ఎవరూ లేరు. ఒక బస్తా మీద కూర్చున్నాడు. కొంతసేపు గింజల వైపు చూశాడు.

"గవరమ్మా, అమ్మకు ఒక చెల్లెలు ఉండేదట కదా. ఆమె పేరేమిటి?"

"సముద్రాలు, ప్రభూ."

రాజు ఆ పేరును తనలో తాను ఒకసారి అనుకున్నాడు. "వాళ్ల ఇల్లు ఏ వీధిలో ఉండేది?"

గవరమ్మ చేట పక్కన పెట్టి, గవ్వల వీధి మొదటినుంచి చెప్పసాగింది.

కాబట్టి పిల్లలూ, ఎదుటివారిని మన తూకంతో తూచి, వారు మనకు తెలుసునని అనుకోకూడదు. వారి కొలత ఏమిటో, వారు ఉండగానే, వారినే అడిగి తెలుసుకోవాలి.